కాసేపు కూర్చునే గది

పని చేసే చోట తినడానికి, నడుం వాల్చడానికి విడిగా ఒక గది ఉండాలన్న ఆలోచన మరీ పాతదేమీ కాదు. ఇంట్లో గుంట మగ్గం నేసినవాడికి, చేలో నాట్లు వేసినవాళ్లకు అలాంటి గది అక్కర్లేకపోయింది. కాళ్లు లాగితే నేతగాడు మగ్గం దిగేవాడు. కూలీలు సద్దిమూట గట్టు మీద, చెట్టు నీడన విప్పుకునేవారు. ఆవిరి యంత్రం వచ్చాక పరిస్థితి మారింది. ఇంగ్లండు నూలు మిల్లుల్లో తిండివేళ కూడా పిల్లల చేత యంత్రాలు తుడిపించేవారు. తెచ్చుకున్న రొట్టె మీద దూది నుసి పేరుకునేది. 1832లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు కార్మికులు చెప్పుకున్న గోడు ఇది. చివరికి 1844 నాటి ఫ్యాక్టరీ చట్టం ఒక గీత గీసింది: భోజన విరామంలో బాలకార్మికులు, మహిళలు యంత్రాలు నడుస్తున్న గదిలో ఉండరాదు. తినే చోటు వేరు, పని చోటు వేరు అని చట్టం ఒప్పుకుంది. ఈ గది చరిత్రకు అదే పునాది.

అయితే బయటికి వచ్చినవాళ్లు ఎక్కడ కూర్చోవాలి? దానికి మొదట జవాబు వెతికినవాళ్లలో కొందరు యజమానులే. 1879లో జార్జ్, రిచర్డ్ క్యాడ్‌బరీ సోదరులు తమ చాక్లెట్ ఫ్యాక్టరీని బర్మింగ్‌హామ్ నడిబొడ్డు నుంచి ఊరవతలి పచ్చని బయళ్లకు మార్చి, ఆ చోటికి బోర్న్‌విల్ అని పేరు పెట్టారు. వానలో తడిసి వచ్చినవారికి వెచ్చని గదులు, తెచ్చుకున్న తిండి వేడి చేసుకోవడానికి వంటగది, ఆడుకోవడానికి మైదానాలు ఏర్పాటు చేశారు. మంచి పనే. కానీ యజమాని మనసు మీద ఆధారపడిన సౌకర్యం ఆ ఫ్యాక్టరీ గేటు దాటి పక్క ఫ్యాక్టరీకి వెళ్లదు.

దాన్ని గేటు దాటించింది యుద్ధం. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటన్ ఆయుధ కర్మాగారాల్లో లక్షల మంది మహిళలు పనిలో చేరారు. సరైన తిండి, విశ్రాంతి లేక మనుషులు నీరసిస్తుంటే గుండ్ల తయారీ ఎలా సాగుతుంది? కార్మికుల ఆరోగ్యంపై 1915లో ప్రభుత్వం వేసిన కమిటీ అలసటకూ ఉత్పత్తికీ ఉన్న సంబంధాన్ని పరిశీలించి, క్యాంటీన్లు పెట్టమని గట్టిగా చెప్పింది. రెండో యుద్ధం నాటికి సలహా కాస్తా ఉత్తర్వు అయింది. స్వయంగా కార్మిక నాయకుడైన మంత్రి ఎర్నెస్ట్ బెవిన్ హయాంలో, 250 మందికి మించి పనిచేసే యుద్ధ కర్మాగారాలు క్యాంటీన్ తెరవక తప్పని పరిస్థితి 1940లో వచ్చింది.

గది వచ్చింది. మరి అందులో కూర్చునే సమయం ఎవరిది? ఈ ప్రశ్న అమెరికాలో కోర్టుకెక్కింది. డెన్వర్ నగరంలో లాస్ విగ్వామ్ వీవర్స్ అని టైలు నేసే చిన్న సంస్థ ఉండేది. యుద్ధకాలంలో కుర్ర నేతగాళ్లు వెళ్లిపోతే యజమాని ముసలివాళ్లను పెట్టుకున్నాడు. వాళ్లకు ఆ సన్నని డిజైన్లు చేతకాలేదు. నడివయసు మహిళలను తీసుకుంటే పనితనం బాగానే ఉంది కానీ, రోజు చివరికి సోలిపోయేవారు. ఏం చేద్దామని యజమాని వాళ్లనే కూర్చోబెట్టి అడిగాడు. పొద్దున ఒక పావుగంట, మధ్యాహ్నం ఒక పావుగంట విరామం, తాగడానికి కాఫీ కావాలన్నారు. ఇచ్చాక నేత పుంజుకుంది. అంతటితో ఆగకుండా యజమాని విరామాన్ని అందరికీ తప్పనిసరి చేసి, ఆ అరగంట కూలి మాత్రం కోసేశాడు. అమెరికా కార్మిక శాఖ దావా వేసింది. విరామం వల్ల లాభపడుతున్నది యజమాని కూడా కాబట్టి ఆ సమయానికీ జీతం ఇవ్వాల్సిందేనని 1956లో అప్పీలు కోర్టు తేల్చింది. ఈ కథలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది కోర్టు తీర్పు కంటే ముందు జరిగిన సంగతి: పనిచేసేవాళ్లను అడగడం. కావాల్సినదేమిటో వాళ్లకు తెలుసు.

మన దేశంలో టీ విరామానికి మరో వైపు నుంచి ఊపు వచ్చింది. తేయాకును ఇక్కడే అమ్ముకోవాలనుకున్న టీ వ్యాపారులు మొదటి యుద్ధకాలంలో మిల్లుల్లో, బొగ్గు గనుల్లో, ఫ్యాక్టరీల్లో టీ దుకాణాలు పెట్టించారు. కార్మికులకు టీ తాగే వ్యవధి ఇవ్వాలని యాజమాన్యాలకు నచ్చజెప్పారు. స్వతంత్రం వచ్చిన మరుసటి ఏడాదే విశ్రాంతి చట్టం చేతికొచ్చింది. 1948 ఫ్యాక్టరీల చట్టం 46వ సెక్షన్ 250 మందికి మించిన చోట క్యాంటీన్‌కు, 47వ సెక్షన్ 150 మందికి మించిన చోట విశ్రాంతి గదికీ భోజనాల గదికీ దారి వేశాయి. ఆ గదిలో తాగునీరు ఉండాలి, చాలినంత వెలుతురు, గాలి ఉండాలి, చల్లగా, శుభ్రంగా ఉంచాలి అని ఆ చట్టం చెప్పింది. ఏకబిగిన ఐదు గంటలకు మించి పని చేయించకూడదు, మధ్యలో కనీసం అరగంట విరామం ఇవ్వాలని 55వ సెక్షన్ అంది. గది, సమయం రెండూ ఒకే చట్టంలో చేరాయి.

కానీ ఆ చట్టం ఫ్యాక్టరీలకు. బట్టల దుకాణంలో కౌంటర్ వెనుక పొద్దస్తమానం నిలబడే అమ్మాయి సంగతేమిటి? కేరళలోని కోళికోడ్‌లో పెన్‌కూట్టు అనే సంఘం ఈ ప్రశ్న లేవనెత్తింది. దాన్ని స్థాపించిన విజి స్వయంగా దర్జీ. దుకాణాల్లో పనిచేసే స్త్రీలకు కూర్చునే వీలు లేదు, మరుగుదొడ్డికి వెళ్లే దారీ లేదు. ఏళ్ల తరబడి పోరాడాక 2018లో కేరళ, 2021లో తమిళనాడు కూర్చునే హక్కును తమ దుకాణాల చట్టాల్లో చేర్చాయి. విశ్రాంతి గది చరిత్రలో అన్నిటికన్నా చిన్న వస్తువు ఒక కుర్చీ. దానికి ఇంతకాలం పట్టింది.

1998లో హైదరాబాద్‌లో ఐటీ సంస్థల భవనం సైబర్ టవర్స్ తెరుచుకున్న తర్వాత మన ఆఫీసుల్లో పాంట్రీలు, ఫుడ్‌కోర్టులు మామూలైపోయాయి. రంగురంగుల సోఫాలు, కాఫీ మెషిన్లు వచ్చాయి. కానీ మనసుకు హాయినిచ్చే గదికి ఇవే చాలవు. నెదర్లాండ్స్‌లోని ఆపెల్‌డోర్న్‌లో 1972లో పూర్తయిన ఒక బీమా సంస్థ భవనంలో వాస్తుశిల్పి హెర్మన్ హెర్ట్స్‌బెర్గర్ కాఫీ కౌంటర్లను పనిచోట్ల మధ్యనే ఉంచి, గోడలు, మూలలు ఉద్యోగులు తమ మొక్కలతో, బొమ్మలతో నింపుకునేలా వదిలేశాడు. అలంకరణ పై నుంచి దిగిరాలేదు, వాడేవాళ్ల చేతుల్లోంచి వచ్చింది.

ఆ పద్ధతి ఏ చిన్న ఆఫీసుకైనా పనికొస్తుంది. పావుగంట విరామంలో సగం మెట్లు దిగడానికే పోకుండా గది దగ్గర్లో ఉండాలి, కానీ మేనేజర్ చూపు పడే చోట ఉండకూడదు. ఒక కిటికీ, వీపు ఆనించుకునే కుర్చీలు, క్యారేజీ వేడి చేసుకునే వీలు, చేతులు కడుక్కునే సింకు కావాలి. నలుగురు కబుర్లాడుకునే బల్ల ఒక పక్క, మాట్లాడకుండా కళ్లు మూసుకునే మూల ఒక పక్క ఉండాలి. గదిలో కెమెరా ఉండకూడదు. ఇవన్నీ అమర్చేముందు వాడబోయేవాళ్లను అడగాలి, డెన్వర్ యజమాని మొదట చేసినట్టు.

అలా అడిగేటప్పుడు ఆ గది తుడిచే ఆయమ్మను, గేటు దగ్గర పన్నెండు గంటలు నిలబడే సెక్యూరిటీ మనిషిని కూడా అడగాలి. మెట్ల కింద పేపరు పరుచుకుని వాళ్లు అన్నం తింటున్నంతకాలం, పైఅంతస్తు సోఫాలు ఎంత మెత్తగా ఉన్నా 1844లో మొదలైన పని మిగిలే ఉన్నట్టు. కాంట్రాక్టు మనుషులకూ అదే తలుపు, అదే బల్ల, అదే పావుగంట దక్కాలి. దీనికి కొత్త డిజైనర్ అక్కర్లేదు, యాజమాన్యం ఒక్క నిర్ణయం తీసుకుంటే చాలు.