మోటారు బండి పక్క కిటికీ: తెర నుండి అద్దము వరకు

మండు వేసవిలో ముద్దనూరు స్టేషనులో రైలు దిగి, జమ్మలమడుగు వైపు గాని పులివెందుల వైపు గాని జీపులో పోయిన పాతతరము వారికి ఒక చిక్కు బాగా తెలుసు. పక్క తెరలు ఎత్తి కడితే నల్లరేగడి దుమ్ము ముఖాన కొడుతుంది. తెరలు దించి కడితే గాలి ఆడక ఊపిరి సలపదు. బండికి పక్కన గోడ కావాలి, కాని అక్కర లేనప్పుడు ఆ గోడ మాయము కావాలి. మోటారు బండ్ల నిర్మాతలు ఈ చిన్న కోరికను తీర్చడానికి ఎంతో కాలము శ్రమించవలసి వచ్చినది. చేతిపిడి తిప్పితే తలుపులోనికి దిగిపోయే అద్దము మనకు నేడు సామాన్య విషయము. దాని వెనుక యంత్రశాస్త్రము, గాజు పరిశ్రమ, బండి నిర్మాణము అనే మూడు వేరు వేరు చరిత్రలు కలిసి ఉన్నవి.

ముందుగా మన ప్రాంతములో రోడ్డు బండికి ఇంత ప్రాముఖ్యము ఎందుకు వచ్చినదో చూద్దాము. మద్రాసు నుండి రాయచూరుకు వేసిన రైలుమార్గము 1871 నాటికి పూర్తి అయినది. అది కడప జిల్లాలో యర్రగుంట్ల, ముద్దనూరు మీదుగా సాగినది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడు ఊళ్ళూ దానికి ఎడముగా ఉండిపోయినవి. ప్రొద్దుటూరు వారు యర్రగుంట్లకు, తక్కిన రెండు ఊళ్ళవారు ముద్దనూరుకు వచ్చి రైలెక్కేవారు. యర్రగుంట్ల–నంద్యాల మార్గము 2016లో తెరచిన తరువాత ప్రొద్దుటూరు, జమ్మలమడుగు రైలుకు దగ్గర అయినవి. అంతకు ముందు దాదాపు నూటయాభై ఏండ్లు ఈ ఊళ్ళకు రోడ్డే దిక్కు. 1952లో సమాజ వికాస పథకము ప్రారంభమైన తరువాత బ్లాకు అధికారులకు జీపులు వచ్చినవి. బాట సరిగా లేని పల్లెకు కూడ చేరగల ఆ బండికి పైన కాన్వాసు కప్పు, పక్కల కాన్వాసు తెరలు తప్ప వేరే గోడలు లేవు.

జీపు పుట్టుక యుద్ధములో జరిగినది. 1941 నుండి 1945 వరకు అమెరికాలో విల్లీస్, ఫోర్డ్ సంస్థలు ఆరు లక్షలకు మించి జీపులను తయారుచేసినవి. సైనికుడు ఒక్క గెంతున దిగవలెను గనుక దానికి తలుపు అడ్డము. బరువు తగ్గవలెను గనుక గాజు అనవసరము. యుద్ధము ముగిసిన తరువాత 1940వ దశకము చివరలో మహీంద్రా సంస్థ విల్లీస్ జీపుల విడిభాగాలను పెట్టెలలో దిగుమతి చేసుకొని, బొంబాయిలోని మజ్‌గావ్‌లో బిగించడము మొదలుపెట్టినది. ఆ పెట్టెలలో ఇంజను ఉన్నది, ఇరుసులు ఉన్నవి, ముందు అద్దము ఉన్నది. పక్క అద్దము మాత్రము లేదు.

జీపుకు ఈ విషయములో ఒక దగ్గరి చుట్టము ఉన్నది. పాశ్చాత్య దేశాలలో దానిని రోడ్‌స్టర్ అంటారు. ఇద్దరు కూర్చుండి సరదాగా, వేగముగా పోయే కప్పులేని కారు ఇది. ఒకటి పొలాల గట్లమీద, మరొకటి నున్నని రోడ్లమీద తిరిగినా రెండింటి లోపము ఒక్కటే. వాన వస్తే రోడ్‌స్టర్ యజమాని కూడ పక్క తెరలు తీసి బిగించుకోవలసినదే.

ఆ తెరల చరిత్ర గుర్రపు బండ్ల నాటిది. తోలు తెర కడితే లోపల చీకటి అవుతుంది. అందువల్ల తెరలో చిన్న గవాక్షము కోసి, అందులో పలుచని అభ్రకపు రేకు కుట్టేవారు. అభ్రకము పొరలు పొరలుగా విడుతుంది, వెలుతురును పోనిస్తుంది, వేడికి చెక్కుచెదరదు. మన పొరుగున గూడూరు ప్రాంతపు గనులకు పేరు తెచ్చిన ఖనిజము ఇదే. కాని అభ్రకపు రేకు మడిస్తే చిట్లుతుంది. తరువాత సెల్యులాయిడ్ వచ్చినది. అది మడతపడుతుంది గాని ఎండకు పసుపుబారి పెళుసెక్కుతుంది, సులభముగా నిప్పు అంటుకుంటుంది. ఆపైన వచ్చిన ప్లాస్టిక్కులు నిప్పు విషయములో మేలు. అయినా సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు వాటినీ క్రమముగా మసకబారుస్తవి. వేసవిలో 40 డిగ్రీల సెంటిగ్రేడు దాటే కడప జిల్లా ఎండలో ఈ పని మరింత త్వరగా జరుగుతుంది.

అయితే గాజే ఎందుకు పెట్టలేదు? పెట్టినారు. గుర్రపు కోచ్‌లలోనే తలుపులోనికి జారే అద్దాలు ఉండేవి. అద్దము అడుగున ఒక తోలు పట్టెడ కట్టి, దానికి వరుసగా రంధ్రాలు వేసేవారు. పట్టెడను లాగి, కావలసిన రంధ్రమును ఒక మేకుకు తగిలిస్తే అద్దము ఆ ఎత్తున నిలిచేది. తొలి మోటారు కార్లలోను ఇదే పద్ధతి సాగినది. కాని అప్పటి కార్లలో అధిక భాగము తెరుపు బండ్లే. అమెరికాలో 1919లో తయారైన కార్లలో మూసిన కార్లు ఇంచుమించు పదింట ఒక వంతు. 1927 నాటికి అవి పదింట ఎనిమిది వంతులు దాటినవి. ఎనిమిదేండ్లలో వచ్చిన ఈ మార్పుతో అద్దమును ఎత్తి దించే యంత్రానికి గిరాకీ పెరిగి, చేతిపిడి అందరికీ అందుబాటులోనికి వచ్చినది.

ఆ యంత్రము పనిచేసే తీరు ఉన్నత పాఠశాల విద్యార్థి లెక్కకు అందేదే. అద్దము 60 సెంటీమీటర్ల పొడవు, 40 సెంటీమీటర్ల ఎత్తు, అర సెంటీమీటరు మందము అనుకొందాము. ఘనపరిమాణము 1,200 ఘన సెంటీమీటర్లు. గాజు సాంద్రత సుమారు 2.5 గనుక బరువు 3 కిలోగ్రాములు. దీనిని 40 సెంటీమీటర్లు ఎత్తవలెను. పిడి పొడవు 10 సెంటీమీటర్లు, నాలుగు చుట్లు తిప్పవలెను అనుకొంటే చేయి తిరిగే దూరము సుమారు 251 సెంటీమీటర్లు. అంటే చేయి ఆరు రెట్లకు పైగా దూరము నడుస్తుంది. ఆ మేరకు బలము తగ్గుతుంది. రాపిడిని లెక్కలోనికి తీసుకోకపోతే అర కిలో బరువు ఎత్తే పాటి శ్రమ చాలు. తలుపు లోపల పిడి ఒక చిన్న పళ్ళచక్రమును తిప్పుతుంది. ఆ చక్రము విసనకర్ర ఆకారములోని పెద్ద పళ్ళరేకును, ఆ రేకు పొడవైన చేతులను తిప్పి అద్దమును నెట్టుతుంది. అద్దము బరువులో కొంత మోయడానికి గడియారపు స్ప్రింగు వంటి చుట్ట స్ప్రింగు ఒకటి తోడుంటుంది.

ఇందులో అసలు చమత్కారము వేరే ఉన్నది. పిడి వదిలితే అద్దము ఎందుకు జారిపోదు? పిడి ఇరుసు వద్ద ఒక గుండ్రని డబ్బాలో బిగువైన తీగచుట్ట ఉంటుంది. పిడి తిప్పితే ఆ చుట్ట కుంచించుకొని డబ్బా గోడను వదులుతుంది. అద్దము బరువు వెనుకనుండి తోస్తే అదే చుట్ట విచ్చుకొని గోడను గట్టిగా పట్టుకుంటుంది. చేతి మాట వింటుంది, బరువు మాట వినదు. తోలు పట్టెడకు రంధ్రమున్న చోటనే నిలకడ. దీనికి ప్రతి చోటా నిలకడే. దుమ్ము రాకుండ, గాలి ఆగకుండ అద్దమును నాలుగు వేళ్ళ మేర దించి ఉంచగలగడము ఈ తీగచుట్ట చలవే.

రెండవ చరిత్ర గాజుది. మామూలు కిటికీ గాజు పగిలితే కత్తుల వంటి పెంకులు అవుతవి. ప్రమాదములో ప్రయాణికునికి బండి తాకిడి కన్న ఆ పెంకుల గాయమే ప్రాణాంతకము కావచ్చు. 1903లో ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ బెనెడిక్టస్ ప్రయోగశాలలో ఒక గాజుకుప్పె కింద పడి పగిలినా చెదరలేదు. అందులో ఆవిరైపోయిన సెల్యులోజ్ ద్రావకము లోపల పొరగా అంటుకొని ముక్కలను పట్టి ఉంచినది. రెండు గాజుల నడుమ పొర పెట్టే పద్ధతికి ఆయన 1909లో పేటెంటు పొందినాడు. ఇప్పటి ముందు అద్దాలకు మూలము ఇదే. పక్క అద్దాలకు ఎక్కువగా వాడేది మరొక జాతి. గాజును ఆరువందల డిగ్రీలు దాటే వేడికి తెచ్చి, చల్లని గాలితో హఠాత్తుగా చల్లార్చుతారు. పైపొర ముందు గట్టిపడుతుంది. లోపలిది తరువాత చల్లారి కుంచించుకొంటూ పైపొరను నొక్కి పెడుతుంది. అందువల్ల గాజు ఎన్నో రెట్లు గట్టిపడుతుంది. పగిలినా పటికబెల్లపు పలుకుల వలె చిన్న మొద్దు ముక్కలుగా రాలుతుంది. ఇక 1959లో ఇంగ్లండులోని పిల్కింగ్‌టన్ సంస్థ, కరిగిన తగరముపై గాజును తేల్చి చదును చేసే పద్ధతిని ప్రకటించినది. దానితో అరగదీయకుండనే సమతలమైన గాజు చవుకగా దొరకసాగినది.

యంత్రము ఉన్నది, గాజు ఉన్నది. అయినా రోడ్‌స్టర్లు చాలకాలము తెరలతోనే తిరిగినవి. 1953లో వచ్చిన అమెరికా కారు కార్వెట్‌కు గాజునారతో చేసిన శరీరము ఉన్నది గాని ఎత్తే అద్దాలు 1956లో గాని రాలేదు. ఇంగ్లండులో 1955 నుండి 1962 వరకు తయారైన ఎం.జి.ఏ. రోడ్‌స్టర్ తలుపులకు బయట పిడి కూడ లేదు. తెర సందున చేయి పెట్టి లోపలి తాడు లాగవలెను. దాని తరువాత 1962లో వచ్చిన ఎం.జి.బి.కి ఎత్తే అద్దాలు అమరినవి. ట్రయంఫ్ సంస్థ ఒక ఏడాది ముందు, 1961లో, టి.ఆర్.4 కారుతో ఈ సౌకర్యము తెచ్చినది. 1957లో లోటస్ సంస్థ తెచ్చిన సెవెన్ కారును మాత్రము జనము విడిభాగాలుగా కొని ఇంటివద్దనే బిగించుకొనేవారు. అట్లా కొంటే నాటి బ్రిటిష్ కొనుగోలు పన్ను తప్పేది. 1973లో పన్నుల విధానము మారి ఆ లాభము పోయినది. సొంతముగా బిగించుకొన్న ఇటువంటి బండికి తరువాత అద్దాలు అమర్చబోయిన వారికి మూడవ చరిత్ర, అనగా తలుపు చరిత్ర, ఎదురు వచ్చేది.

అద్దము ఎంత ఎత్తు పైకి రావలెనో అంత లోతు తలుపులో ఖాళీ ఉండవలెను. రోడ్‌స్టర్ తలుపు పొట్టిది, పలుచనిది. మూసిన కారులో అద్దము చుట్టూ ఉక్కు చట్రము ఉండి దానికి దారి చూపుతుంది. కప్పులేని బండిలో పైన చట్రము లేదు. అద్దమును అడుగు భాగమునే పట్టుకొని, ఊగకుండ, సరిగా కాన్వాసు కప్పు అంచుకు తగిలేటట్లు నిలపవలెను. తలుపు పక్కకు ఉబ్బి ఉంటే అద్దముకూడ అదే వంపున ఉండవలెను. లేకుంటే దిగేటప్పుడు రేకుకు రాసుకుంటుంది. అద్దము వెంట లోనికి జారే వాననీరు పోవడానికి తలుపు అడుగున రంధ్రాలు ఉండవలెను. మన వంటి దుమ్ము ప్రాంతములో అవి పూడి తలుపు తుప్పు పడుతుంది. అన్నింటికన్న ముఖ్యమైనది ఒకటి: గట్టిపరచిన గాజును తరువాత కోయరాదు. కోస్తే మొత్తము పలుకులై రాలుతుంది. కాబట్టి ముందు పలుచని చెక్కతో అచ్చు కోసి, తలుపులో పలుమార్లు ఎత్తి దించి సరిచూచుకొని, ఆ కొలతకు గాజును కోయించి, ఆపైననే గట్టిపరచవలెను. ఈ శ్రమకు జంకి ఇంటి కిటికీ గాజును కోసి పెట్టడము తెరకన్న అపాయము. తెర చినిగితే తడుస్తాము. ఆ గాజు పగిలితే మెడకు ముప్పు.

మన దేశములో ఈ చిక్కుకు పరిష్కారము షెడ్డులలో కాక కర్మాగారములో లభించినది. మహీంద్రా సంస్థ 2000లో తెచ్చిన బొలేరో జీపు వంశములోనిదే అయినా ఉక్కు శరీరము, నిండు తలుపులు, దిగే అద్దాలు కలది. అదే సంస్థ 2010లో తెచ్చిన థార్ పాత జీపు వలె పక్క తెరలతో వచ్చినది. 2020లో దానికి పూర్తిగా కొత్త శరీరము ఇచ్చినప్పుడు మీట నొక్కితే కదిలే పక్క అద్దాలు వచ్చినవి. పాత శరీరానికి అద్దము అతికించలేదు, అద్దానికి తగిన శరీరమునే కట్టినారని గమనించండి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలు కూడ బండ్లకు భద్రతా గాజునే విధించినవి. పక్క అద్దము కనీసము నూటికి 50 వంతులు, ముందు వెనుక అద్దాలు 70 వంతులు వెలుతురును పోనివ్వవలెనని నిర్ణయించినవి.

ఇక ఉపాధ్యాయులు తమ విద్యార్థులచేత ఒక పరిశీలన చేయించవచ్చును. బస్టాండులో నిలిచి బండ్ల కిటికీలను చూడండి. బస్సు అద్దము పక్కకు జరుగుతుంది, కిందికి దిగదు. ఎందుకు? నాలుగు తలుపుల కారులో వెనుక తలుపు అద్దము అనేక బండ్లలో సగము దాటి దిగదు. దాని కింద ఏమి అడ్డమున్నది? మొదటి ప్రశ్నకు బస్సు పక్కగోడ మందమును, రెండవ ప్రశ్నకు వెనుక చక్రముపై వంపు తిరిగిన రేకును కొలిచి చూస్తే జవాబు దొరుకుతుంది. కొలబద్ద ఒకటి వెంట తీసుకొని పోతే చాలు.