పేగు పంపే కబురు

ఉప్పాడ రేవులో దిగిన చేపను పులుసు పెట్టి అన్నంలో కలుపుకు తింటాం. అరిగించే పని మన ప్రమేయం లేకుండానే జరిగిపోతుంది. కడుపులోని పుల్లటి ముద్ద చిన్నపేగు మొదట్లోకి దిగగానే, ఆ కబురు అందినట్టుగా క్లోమం రసం వదులుతుంది. కబురు మోసేవి నరాలేనని పందొమ్మిదో శతాబ్దం చివరి వరకూ పండితుల నమ్మకం. రష్యాలో శరీరధర్మ శాస్త్రవేత్త పావ్లోవ్ ప్రయోగశాల ఆ నమ్మకానికి పెట్టని కోట.

1902 జనవరి 16న లండన్ యూనివర్సిటీ కాలేజీలో విలియం బేలిస్, ఎర్నెస్ట్ స్టార్లింగ్ దాన్ని పరీక్షకు పెట్టారు. ఇద్దరూ బావాబావమరుదులు. మత్తిచ్చిన కుక్క చిన్నపేగులో కొంత మేర నరాలన్నీ తెంచి, అందులో పలచటి ఆమ్లం పోశారు. నరం లేకున్నా క్లోమరసం బొట్లుబొట్లుగా కారింది. వెంటనే స్టార్లింగ్ పేగు లోపొరను గీకి, ఇసుకతోనూ ఆమ్లంతోనూ నూరి, వడగట్టి, ఆ ద్రవాన్ని మెడ దగ్గరి సిరలోకి ఎక్కించాడు. కాసేపటికే క్లోమం మళ్లీ ఊరింది. కబురు నెత్తురులో నడిచింది! ఆ పదార్థానికి సెక్రెటిన్ అని పేరు పెట్టారు. ఇలాంటి వాటన్నిటికీ కలిపి హార్మోన్ అనే పేరును స్టార్లింగ్ 1905లో వాడాడు. తన ప్రయోగశాలలోనూ అదే ఫలితం వచ్చాక పావ్లోవ్ ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలు ప్రయోగమంత గొప్పదని నా అభిప్రాయం. నరాల పాత్ర మాత్రం పోలేదు, రెండు దారులూ కలిసే పనిచేస్తాయి.

సెక్రెటిన్ తెప్పించే రసంలోని బైకార్బనేట్ పులుపును విరిచేస్తుంది. చేపలోని కొవ్వుకు స్పందించేది మరొకటి, కోలెసిస్టోకైనిన్. 1928లో ఐవీ, ఓల్డ్‌బర్గ్ కనుగొన్నారు. అది పిత్తాశయాన్ని ముడుచుకునేలా చేసి పైత్యరసం వదిలిస్తుంది, కడుపు ఖాళీ కావడాన్ని నెమ్మదింపజేస్తుంది. కొవ్వున్న భోజనం చేసినవాడికి త్వరగా ఆకలి వేయకపోవడానికి ఇదొక కారణం.

ఈ హార్మోన్లను పుట్టించే కణాలు పేగు లోపొరలోనే ఉంటాయి. ఆ పొర కొద్ది రోజులకోసారి కొత్తది కావాలి, అందుకు ఫోలిక్ ఆమ్లం కావాలి. ఉష్ణదేశాల స్ప్రూ వ్యాధిలో పొర పలచబడి, తిన్నది ఒంటికి పట్టదు. 1895లో భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో చదువుకున్న యల్లాప్రగడ సుబ్బారావు అన్నదమ్ములిద్దరు రోజుల తేడాలో ఆ జబ్బుకే బలయ్యారు. తనకూ సోకితే ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో గట్టెక్కాడు. తర్వాత అమెరికాలో లెడర్లీ మందుల సంస్థలో సుబ్బారావు సారథ్యంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అనతికాలంలోనే వైద్యులు దాన్ని స్ప్రూ రోగులకిచ్చి, వాళ్లు కోలుకోవడం చూశారు.