జింగిల్స్‌కి ఎవరూ నేర్పలేదు

పెంపుడు కుక్కని థెరపీ పనికి తయారుచేయడం గురించి ఏ గైడ్ తెరిచినా వరస ఒకటే: ముందు శిక్షణ, తర్వాత పరీక్ష, ఆ తర్వాతే ఆసుపత్రి వార్డు. చరిత్ర మాత్రం తలకిందులుగా నడిచింది. కుక్క ముందొచ్చింది, పరీక్ష చాలా తర్వాత వచ్చింది.

1950ల్లో న్యూయార్క్‌లో బోరిస్ లెవిన్సన్ అనే పిల్లల సైకాలజిస్టు ఉండేవాడు. ఒకరోజు ఒక పిల్లాణ్ణి చెప్పిన టైముకంటే చాలా ముందే తీసుకొచ్చారు. అంతకుముందు చేయించిన చికిత్స ఏదీ పనిచేయలేదు. లెవిన్సన్ కుక్క జింగిల్స్ అప్పుడు గదిలోనే ఉంది. పరుగున వెళ్ళి పిల్లాణ్ణి నాకేసింది. పిల్లాడు భయపడలేదు, దాన్ని దగ్గరికి తీసుకున్నాడు. తర్వాత కొన్నాళ్ళు వాడు కుక్కతో ఆడుకోవడానికే వచ్చాడు. మెల్లగా ఆ ఆటలోకి డాక్టర్నీ రానిచ్చాడు.

1961లో లెవిన్సన్ ఈ అనుభవాన్ని తోటి సైకాలజిస్టుల సభలో చెబితే కొందరు నవ్వారు. ఫీజులో కుక్క వాటా ఎంత అని అడిగినవాళ్ళూ ఉన్నారట. ఆయన వెనక్కి తగ్గలేదు. 1962లో కుక్కని సహచికిత్సకుడిగా చూపిస్తూ వ్యాసం అచ్చువేశాడు. నిజానికి నవ్వినవాళ్ళ గురువుల్లో పెద్దవాడైన ఫ్రాయిడ్ గదిలోనే, 1930ల వియన్నాలో, జోఫీ అనే చౌ కుక్క ఉండేది.

ఇంతవరకూ శిక్షణ అన్న ప్రశ్నే లేదు. ఎందుకంటే డాక్టరుకి తన కుక్క తెలుసు, గది తనది. 1976లో ఎలైన్ స్మిత్ అనే నర్సు న్యూజెర్సీలో థెరపీ డాగ్స్ ఇంటర్నేషనల్ మొదలుపెట్టాక లెక్క మారింది. ఎవరిదో కుక్క, ఎవరిదో వార్డు. ఆ కుక్కకి ఎవరు పూచీ? ఆ పూచీ కోసమే పరీక్షలు పుట్టాయి. 1989లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ 10 అంశాల 'కెనైన్ గుడ్ సిటిజన్' పరీక్ష పెట్టింది: కొత్త మనిషి దగ్గరికొస్తే బెదరకూడదు, గుంపులో కుదురుగా నడవాలి, యజమాని 3 నిమిషాలు కనబడకపోయినా గొడవ చేయకూడదు.

థెరపీ పరీక్షలు ఇంకో అడుగు ముందుకేశాయి. మొరటుగా నిమురుతారు, గట్టిగా వాటేసుకుంటారు, తూలుతూ నడుస్తారు, పక్కనే కోపంగా అరుస్తారు, వెనకనించి తగులుతారు. మా ఆఫీసు భాషలో ఇదంతా నెగెటివ్ టెస్టింగ్. కాస్త ఆగి చదివితే అందులో మనుషులు కనిపిస్తారు. మొరటుగా నిమిరే చెయ్యి పక్షవాతం వచ్చినవాళ్ళది కావచ్చు. ఆ అరుపు మతిమరుపు ముదిరిన ఒక పెద్దాయనది కావచ్చు. కుక్కకిచ్చిన ప్రశ్నపత్రంలో ఉన్నది మన రోగాల జాబితా.

నన్ను ఆపేసేది మాత్రం ఇది: ఈ పరీక్ష రెండు రకాల కుక్కలు పాసవుతాయి. మనుషుల్ని ఇష్టపడేది ఒకటి, పళ్ళబిగువున ఓర్చుకునేది ఇంకొకటి. పైపైన చూస్తే రెండూ కుదురుగానే ఉంటాయి. కుక్క గురించి మనం అడిగే మొదటి మాట కూడా "చెప్పినమాట వింటుందా?" అనే కదా. వినడం వేరు, ఇష్టపడటం వేరు.

ఆ తేడా పట్టుకోవడానికే నిబంధనలు పెరిగాయి. 1977లో డెల్టా ఫౌండేషన్‌గా మొదలైన పెట్ పార్టనర్స్, కుక్కకి కనీసం ఏడాది వయసుండాలంటుంది, యజమాని ఇంట్లో 6 నెలలైనా ఉండి ఉండాలంటుంది, 2 ఏళ్ళకోసారి జంటని మళ్ళీ పరీక్షిస్తుంది. కుక్కనే కాదు, జంటని. నిద్ర రాకుండానే ఆవలించడం, మాటిమాటికీ పెదాలు నాక్కోవడం, మొహం తిప్పేసుకోవడం ఇబ్బందికి గుర్తులు. అవి కనబడితే రోగి ఎంత సంతోషంగా ఉన్నా సరే, కుక్కని బయటికి తీసుకురావడం యజమాని పని. అంటే ఈ తయారీలో సగం పాఠం మనిషికే. అదే కష్టమైన సగం కూడా. మంచిపని చేస్తున్నామన్న తృప్తిలో ఉన్నప్పుడు పక్కవాడి ఆవలింత కనబడటం కష్టం.

జింగిల్స్‌కి ఎవరూ ఏమీ నేర్పలేదు, ఎవరూ దాన్ని పంపలేదు. ఆ పిల్లాడి దగ్గరికి తనంతట తానే వెళ్ళింది. తర్వాత వచ్చిన నిబంధనలన్నీ కుక్కకి మర్యాద నేర్పగలవు, ఆసుపత్రికి ధైర్యం ఇవ్వగలవు. ఆ మొదటి అడుగు మాత్రం కుక్కే వెయ్యాలి. వార్డు తలుపు దగ్గర బెల్టు కాస్త వదులుగా పట్టుకుంటే, వేస్తుందో లేదో తెలుస్తుంది.