క్లచ్ తొక్కకుండా గేరు: హైదరాబాద్ రోడ్డు రవాణాలో ఒక చేతి విద్య

పాతబస్తీలోని చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లినవారు అక్కడి పసుపు రంగు రోల్స్ రాయిస్ ముందు తప్పక ఆగుతారు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కోసం తయారుచేయించిన కారు అది. అది చేతికి రాకముందే, 1911 ఆగస్టులో, ఆయన మరణించాడు. వెనుక సీటు సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది. అందరి కళ్లూ దానిమీదే పడతాయి. మీరు చరిత్ర విద్యార్థులు కనుక ముందు సీటు వైపు కూడా ఒకసారి చూడండి. సింహాసనం మీద కూర్చున్నవారికి కుదుపు తెలియకుండా గేరు మార్చిన మనిషి కూర్చున్నది అక్కడే. ఈ పాఠ్యాంశంలో మన దృష్టి అతని మీద, అతని తరువాత బస్సులు, టాక్సీలు నడిపినవారి మీద.

ముందుగా గేరు పెట్టె పనితీరు కొంత తెలుసుకోవాలి. అది తెలియకపోతే ఈ చరిత్ర అర్థం కాదు. పళ్ల చక్రాలను ఇరుసు మీద జరిపి ఒకదానితో ఒకటి కలిపే పద్ధతిని 1890ల తొలి ఏళ్లలో పారిస్‌లోని పన్హార్ ఎ లెవస్సోర్ సంస్థ వాడుకలోకి తెచ్చింది. ఇందులో ఒక చిక్కు ఉంది. ఒక చక్రం ఇంజన్ వేగంతో, రెండవది బండి చక్రాల వేగంతో తిరుగుతుంటాయి. రెండు వేగాలూ సరిపోతే పళ్లు మెత్తగా కలుస్తాయి, సరిపోకపోతే గరగరమంటూ ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి. క్లచ్ ఇంజన్‌ను గేరు పెట్టె నుంచి విడదీస్తుంది తప్ప, ఈ వేగాలను సమానం చేయదు. చాలామంది పొరపడేది ఇక్కడే. సమానం చేసే పని ఆ రోజుల్లో పూర్తిగా డ్రైవరుదే.

అతడు దాన్ని ఎలా చేసేవాడు? మన డ్రైవర్లు ఇప్పటికీ 'డబుల్ క్లచ్' అనే మాట వాడతారు. క్లచ్ తొక్కి గేరును న్యూట్రల్‌లోకి తేవాలి. క్లచ్ వదలాలి. పై గేరుకు వెళ్తుంటే ఇంజన్ వేగం తగ్గేదాకా క్షణం ఆగాలి, కింది గేరుకు వస్తుంటే ఆక్సిలేటర్ కొంచెం తొక్కి రేస్ చేయాలి. తరువాత మళ్లీ క్లచ్ తొక్కి గేరు వేయాలి. మధ్యలో క్లచ్ వదలడం ఎందుకో గమనించారా? అప్పుడే ఇంజన్ తన వేగంతో గేరు పెట్టెలోని చక్రాలను కూడా తిప్పగలదు.

ఒక లెక్క చూద్దాం. మూడవ గేరులో బండి ఇరుసు ఒక చుట్టు తిరిగితే ఇంజన్ ఒకటిన్నర చుట్లు తిరుగుతుందని, నాల్గవ గేరులో రెండూ సమానంగా తిరుగుతాయని అనుకోండి. మూడవ గేరులో ఇంజన్ నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంటే, అదే వేగంలో నాల్గవ గేరుకు సరిపోయేది 1000. డ్రైవరు ఆక్సిలేటర్ నుంచి కాలు తీసి, పళ్ల మీద బరువు తగ్గిన క్షణంలో గేరును న్యూట్రల్‌కు లాగి, ఇంజన్ 1500 నుంచి 1000కి దిగుతున్నప్పుడు ఆ క్షణాన్ని పట్టుకుంటే గేరు దానంతటదే జారి కూర్చుంటుంది. అప్పుడు క్లచ్‌తో పనిలేదు. క్లచ్ లేకుండా గేరు మార్చడం అంటే ఇంతే. ఇందులో మాయ లేదు, బలప్రయోగం అసలే లేదు. ఇంజన్ ఎంత వేగంతో తిరుగుతోందో చెప్పే మీటరు లేని బండిలో ఆ 1000ని చెవితోనే గుర్తుపట్టాలి.

ఇది అవసరం నుంచి పుట్టిన విద్య. తొలినాటి క్లచ్‌లలో చాలావాటికి తోలు అతికించేవారు. నూనె తగిలితే అవి జారేవి, ఎండితే ఒక్కసారిగా పట్టేసి బండిని కుదిపేవి. దారిలో క్లచ్ చెడిపోయినా, బండి కదులుతున్నంతసేపూ ఈ విద్య తెలిసినవాడు గేర్లు మార్చుకుంటూ గమ్యం చేర్చగలడు. ఆగితే మాత్రం కష్టం. హ్యాండిల్ తిప్పి స్టార్టు చేసే బండిని గేరులో ఉంచి తిప్పితే అది తిప్పిన మనిషి మీదికే దూకుతుంది. (మీలో కారు ఉన్నవారు ఇది చదివి రోడ్డు మీద ప్రయోగాలు చేయవద్దు. గేరు పెట్టె బాగుచేయించే ఖర్చు మీ కోర్సు ఫీజు కంటే ఎక్కువ.)

ఇక మన రాష్ట్రానికి వద్దాం. నిజాం రాష్ట్ర రైల్వేకు అనుబంధంగా రోడ్డు రవాణా శాఖ 1932 జూన్‌లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైంది. ఆ బస్సులు స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరానికి చెందిన ఆల్బియన్ కంపెనీవి. వాటిలో ఒకటి ముషీరాబాద్ బస్ భవన్‌లో భద్రంగా ఉంది. మూసీకి ఉత్తరపు ఒడ్డున ఉన్న గౌలిగూడ హ్యాంగర్ చాలాకాలం బస్ స్టేషన్‌గా ఉండి, 2018 జూలైలో కూలిపోయింది. 27, 166 అనే అంకెలను ప్రతి పుస్తకమూ చెబుతుంది. ఆ 166 మందిలో డ్రైవర్లు చేతితో, చెవితో ఏం చేసేవారో ఏ పుస్తకమూ చెప్పదు. ఆనాటి బస్సుల్లో సింక్రోమెష్ లేదు. అంటే, వేగాలను తానే సమానం చేసే అమరిక లేదు. దాన్ని అమెరికాలో ఎర్ల్ థాంప్సన్ రూపొందించగా 1928లో కాడిలాక్ కార్లలో మొదట వచ్చింది. బరువు బండ్లకు అది చేరడానికి ఇంకా దశాబ్దాలు పట్టింది. కనుక ఫలక్‌నుమా ఎత్తు ఎక్కే బండిలో గేరు తగ్గించిన ప్రతిసారీ డ్రైవరు చెవి పనిచేయాల్సిందే. ఆ క్షణం తప్పితే బండి న్యూట్రల్‌లో వెనక్కి జారుతుంది, లోపల ప్రయాణికులుంటారు.

తరువాతి తరం టాక్సీల సంగతి కూడా ఇలాంటిదే. అంబాసిడర్, ఫియట్ కార్ల పాత నమూనాల్లో పై మూడు గేర్లకే సింక్రోమెష్ ఉండేది, మొదటి గేరుకు లేదు. నయాపుల్ దాటి పత్తర్‌గట్టీ రద్దీలోకి రాగానే, బండి ఆగకుండా రెండు నుంచి ఒకటికి దిగాలంటే డబుల్ క్లచ్ కొట్టాల్సిందే. రానివాడి బండి చేసే గరగర చప్పుడు వీధంతా వినిపించేది.

ఈ విద్యను పుస్తకాలు చూసి ఎవరూ నేర్చుకోలేదు. ఉస్తాద్ పక్కన కూర్చుని, చప్పుడు విని, తిట్లు తిని నేర్చుకున్నారు. అందుకే దానికి లిఖిత ఆధారాలు అరుదు. రవాణా చరిత్ర రాసినవారు రైల్వే నివేదికలను, మంజూరైన మొత్తాలను, మార్గాల పొడవులను ఆధారం చేసుకున్నారు. అది అవసరమే. కానీ నివేదిక రాసింది కార్యాలయం, బండి నడిపింది మరొకరు. 'డ్రైవరు' అనే ఒక్క మాట వెనుక ఏళ్ల తరబడి సాధన ఉందని గుర్తించని శ్రామిక చరిత్ర సగం చరిత్రే అని నా అభిప్రాయం.

2019లో హైదరాబాద్ విమానాశ్రయ మార్గాల్లో విద్యుత్ బస్సులు నడవడం మొదలైంది. వాటిలో క్లచ్ పెడల్ లేదు. డ్రైవరు శరీరానికి అది మేలే. ఎనిమిది గంటలు క్లచ్ తొక్కిన ఎడమ మోకాలి నొప్పి గురించి ఏ పాత డ్రైవరును అడిగినా చెబుతాడు. అయితే, సింక్రోమెష్ లేని బండ్లు నడిపినవారు ఇప్పుడు వృద్ధాప్యంలో ఉన్నారు.

అభ్యాసం: మీ అభ్యాసకుల్లో ఆర్టీసీ డ్రైవర్లు, కండక్టర్లు, వారి పిల్లలు ఎప్పుడూ ఉంటారు. మీ ఇంట్లోగాని, వీధిలోగాని 1980కి ముందు బస్సు, లారీ, టాక్సీ నడిపిన పెద్దమనిషి ఉంటే ఆయన అనుమతితో అరగంట మాటలు రికార్డు చేయండి. ఏ బండి, ఏ మార్గం, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, గేరు వేసే వేళ అయిందని ఏ చప్పుడును బట్టి తెలిసేది అని అడగండి. ఆయన వాడిన మాటలను తెలుగైనా, ఉర్దూ అయినా మార్చకుండా రాయండి. చప్పుడును నోటితో అనుకరించి చూపిస్తే దాన్ని కూడా రాసుకోండి.