రెసిడెన్సీ భవనము - రంగమహలు

మాదాపూరులో 1998లో సైబర్ టవర్స్ వెలసిన నాటి నుండి హైదరాబాదు అనగానే అద్దాల మేడలే మనకు స్ఫురించుచున్నవి. కాని అదే నగరములో, మూసీ నదికి ఉత్తరపు గట్టున, కోఠీ అను పేట ఉన్నది. కోఠీ యనగా పెద్ద భవంతి. పేటకు ఆ పేరు తెచ్చిన భవంతి శిథిలమై, మరల కోలుకొని, నేటికిని నిలిచియున్నది. దాని చరిత్రను కొంత ముచ్చటించుకొందము.

నిజాం అలీఖాను దర్బారులో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధిగా, అనగా రెసిడెంటుగా, 1798లో జేమ్స్ అకిలీస్ కర్క్‌పాట్రిక్ కుదురుకొన్నాడు. ఇతడు పారశీకము మాటలాడినాడు. మొగలాయీ దుస్తులు ధరించినాడు. భవనమునకు స్థలము కోరుచు పెద్ద పటము చూపగా నిజాము నిరాకరించెనట. అదే పటమును చిన్న కాగితముపై గీయించి చూపగా వెంటనే సమ్మతించెనట! ఈ ముచ్చట నేటికిని చెప్పుదురు. 1803లో పని ఆరంభమైనది. రూపకల్పన శామ్యూల్ రస్సెల్ అను ఇంజనీరుది. ఖర్చు నిజాము ఖజానాది. ముందు ఎత్తయిన ఆరు స్తంభములు, విశాలమైన మెట్లు, మెట్ల చెంత రెండు సింహములు అమరినవి.

కర్క్‌పాట్రిక్ హైదరాబాదు ఉన్నత వంశీకురాలైన ఖైరున్నీసా బేగమును వివాహమాడినాడు. ఈ విషయమై గవర్నరు జనరలు వెల్లస్లీ విచారణ కూడ జరిపించినాడు. బేగము కొరకు భవనము వెనుక రంగమహలు వెలసినది. ఘోషాలోనున్న ఆమె భవనపు ముందు భాగమును చూడజాలదు గనుక, తోటలో దానికొక చిన్న నమూనా కట్టించెనని ప్రతీతి.

1805లో వారి కుమారుని, కుమార్తెను చదువుల కొరకు ఇంగ్లండు పంపినారు. అదే సంవత్సరము కర్క్‌పాట్రిక్ కలకత్తాలో మరణించినాడు. తల్లి తన పిల్లలను మరల చూడనే లేదు. 1813లో, ముప్పది ఏండ్లయినను నిండకముందే, ఆమె కన్నుమూసినది.

1857 జూలై 17న తుర్రేబాజ్‌ఖాను, మౌల్వీ అల్లాఉద్దీను నాయకత్వమున ప్రజలు రెసిడెన్సీపై దాడి చేసినారు. అటుపిమ్మట ప్రహరీలు బలపడినవి. 1860 ప్రాంతమున ఒక రెసిడెంటు, కర్క్‌పాట్రిక్ నడవడికి గుర్తుగా మిగిలినదని, రంగమహలును నేలమట్టము చేయించినాడు. పెద్ద భవనము నిలిచినది. బేగము ఇల్లు పోయినది.

1949లో మహిళా కళాశాల ఈ భవనములో ప్రవేశించినది. కాలక్రమమున పైకప్పు కారినది, గోడలు బీటలు వారినవి. ప్రపంచ స్మారక నిధి 2002లో దీనిని అపాయములోనున్న కట్టడముల జాబితాలో చేర్చినది. ఏండ్ల తరబడి సాగిన పునరుద్ధరణ ఫలితముగా 2023లో భవనము సందర్శకులకు తెరువబడినది. ఆ కళాశాల నేడు చాకలి ఐలమ్మ పేరిట మహిళా విశ్వవిద్యాలయముగా వెలయుచున్నది.

సున్నము, కలప తెచ్చి గోడలను నిలుపవచ్చును. కూల్చిన రంగమహలును తిరిగి తేజాలము. కనుక ఆ మేడను చూపువారు స్తంభముల ఎత్తును మాత్రమే చెప్పి ఊరకుండరాదు. వెనుకనుండిన ఇంటి కథను కూడ చెప్పవలెను. ఆనాడు ఒక స్త్రీ నమూనాలో మాత్రమే చూచిన మేడ ముంగిట నేడు వేలాది బాలికలు పుస్తకములతో నడచుచున్నారు. ఆ ఇంటికి జరిగిన మరమ్మతులలో ఇదియే మేలైనది.