పెరటి కొట్టం: ఇంటికి అవతలి ఇల్లు

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయపూర్ నగరానికి ఉత్తరపు శివార్లలో ఉర్లా అనే ఊరు ఉన్నది. ఒకప్పుడు అది వరి పండించే మైదానంలోని పల్లె. నేడు ఆ పేరు చెప్పగానే ఎవరికైనా స్ఫురించేది పారిశ్రామిక వాడ. ఇనుము కరిగించే కొలుములు, ఉక్కు సాగదీసే మిల్లులు, వాటిపై బారులు తీరిన రేకుల కప్పులు ఆ వాడకు గుర్తులు. అక్కడ ‘షెడ్డు’ అంటే కర్మాగారమే. తెలుగువారికి సైతం ఈ మాట కొత్తది కాదు. రైలు బండ్లతోపాటు లోకో షెడ్డు, గూడ్సు షెడ్డు అన్న పేర్లు మన ఊళ్లలో ప్రవేశించి, క్రమంగా గోడలు లేకుండా కప్పు మాత్రమే ఉన్న ప్రతి కట్టడానికీ అదే పేరు స్థిరపడింది. 1931లో విజయనగరం–రాయపూర్ రైలుమార్గం పూర్తి అయిన తరువాత, 1959లో భిలాయ్ ఉక్కు కర్మాగారంలో మొదటి కొలిమి వెలిగిన తరువాత, ఉపాధి వెదుకుతూ ఈ ప్రాంతానికి చేరుకున్న తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నవి. తమ పల్లెల్లో పెరటి కొట్టాన్ని విడిచి వచ్చినవారికి ఇక్కడ కొలువు దొరికినది మరొక రకం కొట్టంలోనే.

ఈ రెండు కట్టడాలకూ నడుమ ఉన్న దూరాన్ని కొలిస్తే, ఇల్లు అనే భావనలో గడచిన నూరేండ్లలో వచ్చిన మార్పు కొంత తేటపడుతుంది. ఆ మార్పులో మనం పొందినదీ ఉన్నది, గమనించకుండానే పోగొట్టుకున్నదీ ఉన్నది.

రెండు నేలలు, ఒకే అమరిక

ఛత్తీస్‌గఢ్ మైదాన ప్రాంతపు రైతు ఇంటిని వర్ణించేటప్పుడు నాలుగు మాటలు తప్పక వినవస్తాయి. ఇంటి వెనుక కూరగాయల పాదులు పెట్టే చోటు ‘బాడీ’. కోసిన వరిని కుప్పవేసి నూర్చే ఆవరణ ‘బ్యారా’. పశువులను కట్టే పాక ‘కోఠా’. పేడ, చెత్త కుళ్లి ఎరువుగా మారే గుంట ‘ఘురువా’. ఈ నాలుగింటికీ తెలుగు పల్లెలో సరిగా నాలుగు మాటలు సిద్ధంగా ఉన్నవి: పెరడు, కళ్లం, కొట్టం, పెంటదిబ్బ. భాషలు వేరైనా, భాషా కుటుంబాలే వేరైనా, సేద్యం కోరిన అమరిక ఒక్కటే.

తెలుగునాట ఈ అనుబంధ కట్టడాలకు ప్రాంతానికొక పేరు. రాయలసీమలో, తెలంగాణలో కొట్టం. గోదావరి తీరాన పశువుల పాక. ఉత్తరాంధ్రలో సాల. ధాన్యం నిలువచేసే గాదె, పురి, గుమ్మి, గరిసె అన్నవి వేరు వేరు ఆకృతులు, వేరు వేరు సీమల మాటలు. ఇన్ని పేర్లు ఉండటమే ఈ కట్టడాల ప్రాధాన్యానికి నిదర్శనం. అవసరం లేనిదానికి ఏ సమాజమూ ఇన్ని పేర్లు పెట్టుకోదు.

కొట్టం దేనికోసం?

పైకి చూస్తే దీనికి జవాబు సులభం. పశువులను కట్టడానికి, పనిముట్లు పెట్టుకోవడానికి. కాని అంతటితో ఆ కట్టడపు ప్రయోజనం తీరిపోదు. 

మొదటిది, కొట్టం ఒక మరమ్మతు శాల. నాగలి, కాడి, గొర్రు, గుంటక అన్నవి చెక్కతో చేసినవి. పచ్చి తుమ్మమొద్దును ఎండలో పడవేస్తే పగులుతుంది, వానలో ఉంచితే పుచ్చుతుంది. నీడ పట్టున, గాలి ఆడే చోట నెలల తరబడి ఆరితేనే అది పనిముట్టుగా మారడానికి పనికి వస్తుంది. గోడలు సగమే లేపి, తాటాకుతోనో బోదగడ్డితోనో కప్పిన పాక ఆ పనికి సరిగ్గా అమరినది. ఆ కట్టడంలో కనిపించే అసంపూర్ణత పేదరికపు గుర్తు మాత్రమే కాదు. గాలికి వదలిన దారి కూడా.

రెండవది, అది ఎరువుల కర్మాగారం. పశువుల కింద పరచిన గడ్డి మూత్రంతో తడిసి, పేడతో కలిసి పెంటదిబ్బకు చేరి, ఏడాది తిరిగేసరికి పొలానికి బలమవుతుంది. రసాయనిక ఎరువులు వ్యాపించక మునుపు పంట దిగుబడి కొట్టపు నేలపై ఎంతగానో ఆధారపడి ఉండేది. 2020 జూలైలో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం హరేలీ పండుగనాడు ప్రారంభించిన పథకం కింద కిలో రెండు రూపాయల లెక్కన పేడను కొనుగోలు చేసినప్పుడు పలువురికి అది వింతగా తోచింది. కొట్టం విలువను రూపాయల్లో లెక్కకట్టిన సందర్భం అది.

మూడవది, బహుశా అన్నిటికంటె ముఖ్యమైనది, అది నిర్ణయం వాయిదాపడిన వస్తువుల నెలవు. విరిగిన బండిచక్రం, పాత ఇంటినుంచి విప్పిన దూలం, సగం వాడిన మోకు, చిల్లుపడిన గంగాళం వంటివి పారవేయదగినవీ కావు, నేడు పనికివచ్చేవీ కావు. రేపటి అవసరం ఏమిటో తెలియని కుటుంబానికి ఇవే పొదుపు. పాత దూలం కొత్త వాకిలికి గడప అవుతుంది, విరిగిన చక్రపు ఆకు కొడవలికి పిడి అవుతుంది. ఇంట్లో ప్రతి వస్తువుకూ ఒక స్థానం ఉండాలి. ఇంకా స్థానం నిర్ణయం కాని వస్తువుకు స్థానం ఇచ్చేది కొట్టం.

నాలుగవది, అది మనుషుల చోటు. ఆవు ఈనే రాత్రి ఇంటి పెద్ద మేలుకొని కూర్చునేది అక్కడే. ఇంట్లో చుట్టాలు నిండినప్పుడు మంచం వాల్చుకునేది అక్కడే. మడి, మర్యాద, ఆడవారి పని వేళలు అని సవాలక్ష కట్టుబాట్లున్న ఇంటికి అవి అంతగా అంటని ఒక పక్క గది కావలసి వచ్చింది. ఇంగ్లండులో తోట మూలన నిలిచే చెక్క గుడిసె కూడా ఈ పనే చేసింది. నాటకకర్త బెర్నార్డ్ షా తన తోటలో ఎండవైపు తిప్పుకోగలిగిన చిన్న గుడిసెను కట్టించుకొని రచనలు సాగించిన సంగతి ప్రసిద్ధం. పనిముట్ల పేరిట ఏకాంతాన్ని దాచుకోవడం ఒక్క దేశపు అలవాటు కాదు.

నీడలో ఉన్న నీడ

అయితే కొట్టాన్ని కేవలం మధురస్మృతిగా చిత్రించడం చరిత్రకు న్యాయం చేయదు. ఇంటికి ఈవల ఒకరు, ఆవల మరొకరు ఉండాలని శాసించిన సమాజంలో ఆ కట్టడం ఒక గీత కూడా. ఏడాది జీతానికి కుదిరిన పాలేరు, అప్పు తీరక తరతరాలుగా చాకిరి చేసిన జీతగాడు పడుకున్నది పశువుల పక్కనే. యజమానికి విశ్రాంతి స్థలమైన పాక అతనికి నివాసం. ఒకే కప్పు కింద రెండు జీవితాలకు రెండు అర్థాలు. వెట్టిచాకిరీని రద్దు చేస్తూ 1976లో పార్లమెంటు చట్టం చేసిన తరువాత కూడా ఆ గీత ఒక్కనాటితో చెరిగిపోలేదు. కనుక పాకను విడిచి పక్కా ఇంటికి మారాలన్న పేదవాని కోరికలో సౌకర్యంతోపాటు ఆత్మగౌరవం కూడా ఉన్నది. కాంక్రీటు కప్పును తేలికగా విమర్శించేవారు ఈ సంగతిని మరువరాదు.

కాగితం మీది ఇల్లు

చిక్కు వచ్చినది పక్కా ఇంటితో కాదు, ఆ ఇంటిని ఊహించిన తీరుతో. ఆధునిక గృహరూపకల్పనలో ప్రతి చదరపు అడుగుకూ ముందే ఒక పని నిర్ణయమై ఉంటుంది. పడకకు ఒక గది, వంటకు ఒక గది. పని తేలని చోటును అది వృథాగా లెక్కిస్తుంది.

ఈ ధోరణికి ఐరోపాలో ఒక ప్రసిద్ధ ఉదాహరణ ఉన్నది. 1920వ దశకంలో ఫ్రాన్సులోని బోర్డో నగర సమీపాన పెసాక్ అనే చోట, ఆన్రీ ఫ్రూజె అనే పారిశ్రామికవేత్త కోరికపై, వాస్తుశిల్పి ల కార్బూజియే సుమారు 50 ఇండ్లతో ఒక కాలనీని నిర్మించాడు. చదును కప్పులు, పొడవాటి కిటికీలు, ఇంటి కింద ఖాళీగా వదలిన నీడపట్టు వాటి ప్రత్యేకతలు. నివసించవచ్చినవారు ఏళ్లు గడిచేకొద్దీ కిటికీలను కుదించారు, డాబాలపై కప్పులు వేశారు, కింది ఖాళీ చోట్లను మూసి సామాన్ల గదులుగా మార్చుకున్నారు. ఫిలిప్ బూదోఁ అనే పరిశోధకుడు 1969లో ప్రచురించిన గ్రంథంలో ఈ మార్పులను పరిశీలించాడు. రూపకర్త విస్మరించిన కొట్టాన్ని నివాసులు తమ చేతులతో తిరిగి కట్టుకున్నారన్నమాట. 2016లో ఈ కాలనీ, చండీగఢ్‌లోని కాపిటల్ భవన సముదాయంతోపాటు, యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. నివాసులు చేసిన మార్పులను తొలగించి మొదటి రూపాన్ని పునరుద్ధరించిన ఇండ్లు కూడా అక్కడ ఉన్నవి. కళాఖండంగా నిలవవలసిన ఇంటికీ, కాపురానికి నిలవవలసిన ఇంటికీ పొత్తు అంత సులభం కాదని దీనివలన విదితమవుతుంది.

మన దేశంలో ఈ ప్రశ్న పేదల ఇండ్ల విషయంలో మరింత పదునుగా ఎదురవుతుంది. 1985లో ప్రారంభమైన ఇందిరా ఆవాస్ యోజనలో ఇంటి కనీస వైశాల్యం 20 చదరపు మీటర్లుగా ఉండేది. 2016లో ఆ స్థానంలో వచ్చిన ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస్ పథకం దానిని వంటచోటుతో కలిపి 25 చదరపు మీటర్లకు పెంచింది. అనగా సుమారు 270 చదరపు అడుగులు. తలదాచుకొనే కప్పులేని కుటుంబానికి ఇది చిన్న మేలు కాదు. కాని ఆ కొలతలో నాగలికి చోటు ఎక్కడ? మేకపిల్లకు, విత్తనాల బుట్టకు, తడిసిన కట్టెలకు చోటు ఎక్కడ? పక్కా ఇంటి పక్కనే తాటాకు పంచ దించుకొన్న దృశ్యం పల్లెల్లో అపరూపం కాదు. దానిని క్రమశిక్షణా రాహిత్యంగా చూడటంకంటె, ఇంటి పటాన్ని పూర్తిచేసిన గీతగా చూడటం సమంజసం.

ప్రభుత్వ విధానాలు ఈ లోపాన్ని పూర్తిగా విస్మరించినవని చెప్పలేము. ఏడవ పంచవర్ష ప్రణాళిక కాలంలో చేనేత కార్మికులకోసం నివాసాన్నీ మగ్గపుశాలనూ కలిపి నిర్మించే పథకం వచ్చింది. గుంటమగ్గం లేని ఇల్లు నేతగానికి ఇల్లు కాదన్న గుర్తింపు అందులో ఉన్నది. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టం కింద పేద రైతులకు పశువుల షెడ్లు కట్టుకొనే వెసులుబాటు తరువాతి కాలంలో కలిగింది. అయితే ఇల్లు ఒక పథకంలో, కొట్టం మరొక పథకంలో చేరడంవలన, ఒకే పెరటిలో పుట్టవలసిన రెండు కట్టడాలు రెండు దస్త్రాలుగా విడిపోయినవి.

రేకుల కింద

ఇక మళ్లీ ఉర్లా షెడ్ల వద్దకు వస్తే, వాటికీ ఒక చరిత్ర కలదు. ముడతలు తీర్చిన ఇనుప రేకుకు 1829లో లండన్‌లో హెన్రీ రాబిన్సన్ పామర్ పేటెంటు పొందాడు. తేలికగా ఉండి, తక్కువ ఆధారాలతో ఎక్కువ వెడల్పును కప్పగల ఆ రేకు రేవులకు, రైల్వేలకు, కర్మాగారాలకు ఎంతో అనువైనది. యంత్రానికి అది మంచి కప్పు. మనిషికి కాదు. వేసవిలో 40 డిగ్రీలు దాటే రాయపూర్ మైదానంలో ఇనుప రేకు కింద మధ్యాహ్నం గడపడం ఎట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు. అదే రేకు పల్లె కొట్టాలపైకి ఎక్కినప్పుడు కప్పు మన్నిక పెరిగింది, ఏటేటా గడ్డి మార్చే శ్రమ తప్పింది. పశువుకు చల్లదనం మాత్రం తగ్గింది.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో ఒక నిబంధన ఇక్కడ గమనార్హం. 150 మందికి మించి కార్మికులు పనిచేసే ప్రతి కర్మాగారంలోనూ విశ్రాంతి తీసుకొనడానికి, తెచ్చుకొన్న భోజనం తినడానికి తగిన చోటు కల్పించాలని ఆ చట్టం ఆదేశించింది. ఎంత పెద్ద షెడ్డు అయినా దాని పక్కన మనిషి కూర్చొనే చిన్న పాక ఒకటి కావాలని చట్టమే ఒప్పుకొన్నదన్నమాట. పల్లె పెరటిలో ఎవరూ రాయకుండానే అమలైన సూత్రం కర్మాగారంలో శాసనంగా రాయవలసి వచ్చింది.

శ్రావణ అమావాస్య నాడు వచ్చే హరేలీ పండుగకు ఛత్తీస్‌గఢ్ రైతులు నాగళ్లను, కొడవళ్లను, పారలను వెలికి తీసి, కడిగి, పూజ చేస్తారు. తెలుగు రైతులు జ్యేష్ఠ పూర్ణిమనాడు ఏరువాక సాగిస్తూ ఎద్దులను, అరకను అలంకరిస్తారు. ఈ రెండు పండుగలూ కొట్టం తలుపు తెరవడంతోనే మొదలవుతాయి. ట్రాక్టరు వచ్చి నాగలి మూలపడిన ఇండ్లలో సైతం ఆనాడు పూజకు ఏదో ఒక పనిముట్టు కావాలి. అది ఇన్నాళ్లూ ఎక్కడో ఒకచోట నీడపట్టున ఉండి ఉండాలి. ఇంటి పటం గీసేవారు, ఆ పటాన్ని మంజూరు చేసేవారు ఆ చోటును కూడా ఒక గీతతో గుర్తించగలిగితే, పేదవాని పక్కా ఇల్లు అతని బ్రతుకంత వెడల్పు కాగలదు.