విద్యుద్ఘటము – కప్పకాలు మొదలు సూక్ష్మకణము వఱకు

కరదీపమునందును, చేతి టెలిఫోనునందును, వాహనములయందును విద్యుచ్ఛక్తిని నిలువచేసి యిచ్చు ఘటమును జనులు బ్యాటరి యని వ్యవహరించుచున్నారు. దీని పుట్టుకకు మూలము ఇరువురు పండితుల నడుమ కప్పకాలిని గూర్చి జరిగిన వివాదము.

ఇటలీ దేశమున బొలోన్యా నగరమందు శరీరశాస్త్రమును బోధించిన లుయీజీ గాల్వానీ, చచ్చిన కప్ప కాలికి రెండు వేఱు లోహములు తగిలినపుడు అది యెగిరిపడుటను గాంచి, విద్యుత్తు ప్రాణిదేహమునందే యున్నదని 1791లో ప్రకటించెను. పావియా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు అలెస్సాండ్రో వోల్టా దీనిని మొదట మెచ్చి, పిదప సమ్మతింపక, శక్తి లోహముల కలయికయందే కలదని వాదించెను. వెండి బిళ్లలను, తుత్తునాగపు బిళ్లలను వరుసగా పేర్చి, నడుమ ఉప్పునీట తడిపిన అట్టముక్కల నుంచి, ఎడతెగని విద్యుత్ప్రవాహమును సాధించి, 1800 మార్చి 20వ తేదీన లండనులోని రాయల్ సొసైటీకి లేఖ వ్రాసెను.

గాల్వానీ దానిని చూడజాలకపోయెను. ఫ్రెంచి సేనల విజయానంతరము ఏర్పడిన క్రొత్త ప్రభుత్వమునకు ప్రమాణము చేయ నిరాకరించి, కొలువు కోల్పోయి, 1798లో కాలధర్మము నొందెను. కాని నరములలో విద్యుత్తు కలదన్న ఆయన మాట తరువాత నిలిచినది. లోహముల స్పర్శమాత్రమే చాలునన్న వోల్టా మాట నిలువలేదు. శక్తికి మూలము రసాయనిక మార్పు. ఇరువురియందును సగము సత్యమే యుండెను.

1859లో ఫ్రాన్సు దేశీయుడు ప్లాంటే సీసపు రేకులను గంధకామ్లమున ముంచి, మరల మరల నింపదగిన ఘటమును నిర్మించెను. 1866లో లెక్లాంషే చేసిన ఘటము నేటి కరదీపపు సెల్లుకు పూర్వరూపము. లోహములన్నిటిలో తేలికయైన లిథియముతో 1976లో విటింగ్‌హామ్ ఘటమును ప్రకటించెను. కాని నింపినపుడెల్ల లిథియము వెండ్రుకలవలె పెరిగి, ఎదుటి ధ్రువమును తాకి, నిప్పు పుట్టుచుండెను. క్షీరసాగరమథనమున అమృతమునకు ముందు హాలాహలము వెలువడినట్లే యైనది. 1980లో గుడినఫ్ కోబాల్టు ఆక్సైడును, 1985లో యోషినో లిథియపు రేకునకు మాఱుగా కర్బనమును ఉపయోగించి యీ కొఱతను చాలవఱకు తీర్చిరి. 1991లో ఇట్టి ఘటములు విపణికి వచ్చినవి. 2019లో ఈ మువ్వురకును నోబెల్ బహుమానము లభించెను. అప్పటికి గుడినఫ్ వయస్సు 97 ఏండ్లు.

కోబాల్టు ప్రియమైనది. అది మిక్కుటముగ లభించు కాంగో దేశపు గనులలో బాలురు సైతము శ్రమించుట లోకమున నిందకు పాత్రమైనది. 1997లో గుడినఫ్ బృందము ప్రకటించిన లిథియము ఇనుప ఫాస్ఫేటునకు కోబాల్టు అక్కఱలేదు. అది చౌక, సులభముగ మండదు. కాని విద్యుత్తును చక్కగా ప్రసరింపనీయదు. దానిని అతిసూక్ష్మకణములుగా జేసి, పైన బొగ్గుపూత పూయుటచే ఆ లోపము తొలగెను. ఈ కణములను నానోమీటరులతో కొలుతురు. మిల్లీమీటరులో పదిలక్షలవ వంతు ఒక నానోమీటరు. ఉప్పుగల్లు కంటె ఉప్పుపొడి నీట త్వరగా కరగునట్లు, కణము చిన్నదైనకొలది లిథియము లోనికి పోవు దారి తగ్గును, తాకు తలము పెరుగును. గోడమట్టికి గడ్డి కలిపినచో ఒకదాని లోటును వేఱొకటి తీర్చును గదా! మిశ్రమపదార్థముల మర్మమును అదియే. సిలికాను లిథియమును విస్తారముగ నింపుకొనును గాని, మూడింతలకు మించి యుబ్బి పగులును. అందుచేతనే దాని సూక్ష్మకణములను కర్బనముతో కలుపుదురు.

ఈ విద్య రోగులకును తోడ్పడుచున్నది. రసాయనిక మార్పు విద్యుత్తును పుట్టించునేని, ఆ విద్యుత్తును కొలిచి పదార్థము పాలు నెఱుగవచ్చును. 1962లో అమెరికాలో క్లార్క్, లయన్స్ అనువారు ఈ సూత్రముననే రక్తమందలి చక్కెరను కొలుచు మార్గమును చూపిరి. నేడు మధుమేహరోగి యింట గూర్చుండి ఒక్క రక్తబిందువుతో తెలిసికొనుచున్నాడు. 2004లో మాంచెస్టరునందు గైమ్, నోవొసెలోవ్ అనువారు అంటుపట్టీతో ఒలిచి తీసిన గ్రాఫీను, పరమాణువొక్కటి మందము గల కర్బనపు పొర. అట్టి పదార్థములతో మఱింత స్వల్పమైన పాళ్లను పసిగట్టు సాధనములకై పరిశోధన సాగుచున్నది.

పాడైన ఘటములను పొలమునను, చెఱువునను పారవేయరాదు. వానిలోని సీసాది లోహములు నేలను, నీటిని విషము గావించును. శక్తిని బంధించు విద్య నేర్చిన మానవుడు, దాని శేషమును అడచు వివేకమును నేర్చినప్పుడే యీ చరిత్రము సంపూర్ణమగును.